ఇల్లు, స్థలం కొంటామని అడ్వాన్స్ ఇచ్చి ఆగిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

బేరం కుదిరింది, అడ్వాన్స్ చేతులు మారింది, ఆ తర్వాత కొనేవాళ్లు ఆగిపోయారు. లోన్ రాలేదనో, ఇంట్లో వద్దన్నారనో, పక్క వెంచర్‌లో తక్కువకి దొరుకుతోందనో. అక్కడి నుంచి రెండు వైపులా ఒకటే టెన్షన్: ఆ డబ్బు ఇప్పుడు ఎవరిది?

మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఆస్తి కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు వర్తించే చట్టం ప్రకారమే జవాబులున్నాయి. మీ కాగితం చూడకుండా మీ కేసు ఎవరూ తేల్చలేరు. లాయర్ దగ్గరికి వెళ్లేముందు ఏ కాగితం వెతికి పెట్టుకోవాలో మాత్రం ఇది చదివితే తెలుస్తుంది.

## టోకెన్ ఇచ్చాక, అగ్రిమెంట్ రాయకముందు

టోకెన్‌గా 50,000 ఇచ్చాను, ఇంకా ఏ కాగితమూ రాసుకోలేదు. ఇప్పుడు వద్దనుకుంటే డబ్బు తిరిగొస్తుందా?

అడిగే హక్కు చాలావరకు మీకుంటుంది. వెనక్కి తగ్గితే టోకెన్ మురిగిపోతుందని ఇద్దరూ ఒప్పుకున్నట్టు ఆధారం ఉంటే అమ్మేవాళ్ల వాదనకు బలం వస్తుంది. ఆధారం అంటే స్టాంపు పేపరే కానక్కర్లేదు. "ఆదివారంలోగా అగ్రిమెంట్‌కి రాకపోతే టోకెన్ తిరిగివ్వం అండీ" అని వాళ్లు వాట్సాప్‌లో పెట్టారు, మీరు "ఓకే అండీ" అని కొట్టి రెండు నిమిషాల్లో డబ్బు పంపారు అనుకోండి. ఆ "ఓకే" మీ మీదే సాక్ష్యం.

చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకోని వాళ్లకు అసలు ఇచ్చినట్టు నిరూపించడమే పెద్ద పని. పైగా స్థిరాస్తి అడ్వాన్స్‌ను 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. బేరం తెగినా, తెగకపోయినా తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. తిరిగిచ్చేటప్పుడు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

నోటిమాటగానే ధర ఒప్పుకున్నాం. అది కూడా ఒప్పందమేనా?

చట్టం దృష్టిలో నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. ఏ ఆస్తి, ఎంత ధర, ఎప్పటిలోగా అనేవి తేలి ఉండాలి. ఒప్పందం ఉందన్నవాళ్లే దాన్ని నిరూపించాలి. మధ్యవర్తి మాట మీద ఆధారపడిన కేసులు బలహీనంగా ఉంటాయి, ఎందుకంటే ఆయనకు కమీషన్ రావాలి, ఆయన ఏ పక్షమో కోర్టు చూస్తుంది.

## అగ్రిమెంట్ రాసుకున్నాక

100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాం, రిజిస్టర్ చేయలేదు. అది చెల్లదు కదా, నేను తప్పుకోవచ్చా?

చెల్లదన్న ధీమాతో తప్పుకోకండి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ ప్రకారం అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాల్సిందే. అయినా రిజిస్టర్ కాని ఒప్పందాన్ని, దాన్ని అమలు చేయించమని వేసే దావాలో సాక్ష్యంగా చూపించుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షనే చెబుతోంది. స్టాంపు సుంకం తక్కువ కట్టి ఉంటే మాత్రం కోర్టు ఆ కాగితాన్ని పక్కన పెడుతుంది. లోటు సుంకం, దానికి పది రెట్ల వరకు జరిమానా కడితే గానీ సాక్ష్యంగా తీసుకోదు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు సాటి రాదు. సంతకం నాది కాదని తర్వాత బుకాయించడాన్ని మాత్రం కష్టం చేస్తుంది.

బయానాకీ అడ్వాన్స్‌కీ తేడా ఏమిటి? మా కాగితంలో రెండు మాటలూ ఉన్నాయి.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. బయానా అంటే మాట మీద నిలబడతానని ఇచ్చే పూచీ. బేరం పూర్తయితే ధరలో కలుస్తుంది, కొనేవాళ్ల తప్పువల్ల చెడితే పోతుంది. అడ్వాన్స్ అంటే ధరలో ముందుగా చెల్లించిన భాగం. అది ఊరికే పోదు. కాగితంలో ఏ మాట వాడారన్న దానితో పాటు, ఆ డబ్బు ఎప్పుడు, ఎందుకు ఇచ్చారో కూడా కోర్టు చూస్తుంది.

1963లో సుప్రీంకోర్టు తేల్చిన ఢిల్లీ బంగ్లా కేసు ఇప్పటికీ దీనికి మూలం. ధర 1,12,500. మొదట బయానాగా 1,000, ఆ తర్వాత స్వాధీనం తీసుకునేటప్పుడు 24,000 ఇచ్చారు. గడువులోగా రిజిస్ట్రేషన్ కాకపోతే మొత్తం 25,000 పోతుందని రాసుకున్నారు. కోర్టు 1,000 ఉంచుకోవచ్చంది. 24,000 బయానా కాదు, దాన్ని పోగొట్టుకోవాలన్న షరతు శిక్షలాంటిది, కాబట్టి న్యాయమైన పరిహారం మేరకే ఇప్పిస్తామంది.

మీ కాగితంలో "బయానా/అడ్వాన్స్ 10 లక్షలు" అని గీత పెట్టి రెండూ రాసి ఉంటే, రాసినవాళ్లు తలనొప్పిని రేపటికి వాయిదా వేశారన్నమాట. డాక్యుమెంట్ రైటర్ దగ్గర పాత నమూనాలో పేర్లు, సర్వే నంబరు మార్చి ప్రింట్ తీస్తే ఇలాగే వస్తుంది.

"కొనుగోలుదారు తప్పుకుంటే ఇచ్చిన మొత్తం జప్తు" అని రాసి ఉంది. నిజంగా అంతా పోతుందా?

ఇచ్చింది చిన్న మొత్తమైతే, షరతు స్పష్టంగా ఉంటే, తప్పు మీదైతే, పోయే అవకాశమే ఎక్కువ. 2012లో సుప్రీంకోర్టు చూసిన కేసులో ధర 70 లక్షలు, బయానా 7 లక్షలు. హైకోర్టు 50,000 మాత్రమే ఉంచుకోమంది. సుప్రీంకోర్టు మాత్రం మొత్తం 7 లక్షలూ అమ్మినాయన ఉంచుకోవచ్చంది.

సగం ధర కట్టేశాక అదే షరతు చూపిస్తే లెక్క మారుతుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దాని లోపల న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. 2015లో వచ్చిన తీర్పు ఇంకో అడుగు ముందుకేసింది. ఢిల్లీలో ఒక ప్రభుత్వ సంస్థ 3.12 కోట్లకు స్థలం వేలం వేసి, 78 లక్షల బయానా జప్తు చేసి, అదే స్థలాన్ని తర్వాత 11.78 కోట్లకు అమ్ముకుంది. అసలు కొన్నవాళ్ల తప్పే లేదని, పైగా సంస్థకు నష్టమే లేదని డబ్బు వాపసు ఇమ్మంది కోర్టు.

మరి ఎంత శాతం వరకు బయానా అంటారు? వ్యక్తుల మధ్య జరిగే బేరాలకు చట్టంలో అంకె లేదు. "పది శాతం రూల్" అని ఎవరైనా గట్టిగా చెబితే ఏ సెక్షనో అడగండి.

## గడువు దగ్గరపడినప్పుడు

మూడు నెలల గడువు నిన్నటితో అయిపోయింది. అగ్రిమెంట్ దానంతటదే రద్దయినట్టేనా?

సాధారణంగా కాదు. భూమి, ఇళ్ల బేరాల్లో గడువే ప్రాణం అని కాగితంలో స్పష్టంగా లేకపోతే, కొంత సహేతుకమైన ఆలస్యాన్ని కోర్టులు ఒప్పుకుంటూ వచ్చాయి. కాకపోతే పట్టణాల్లో ధరలు పరుగెడుతున్నప్పుడు పాత ఉదారత కుదరదని 1997లో, మళ్లీ 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 1997 కేసులో కొనేవాళ్లు రెండున్నరేళ్లు ఏమీ చేయకుండా ఊరుకున్నారు. ఈలోగా ధర దాదాపు మూడింతలైంది. రిజిస్ట్రేషన్ చేయించమన్న వాళ్ల కోరికను కోర్టు తోసిపుచ్చింది.

అమ్మేవాళ్లు గడువు దాటాక కూడా మరో విడత డబ్బు తీసుకుంటే, గడువును వాళ్లే సడలించినట్టు అవుతుంది. "సరేలే, ఈ రెండు లక్షలు వేయండి, మిగతాది చూద్దాం" అన్న మంచితనం కోర్టులో వాళ్లకే అడ్డొస్తుంది.

బ్యాంకు లోన్ ఇవ్వలేదు. నా తప్పేముంది? అడ్వాన్స్ ఇచ్చేయాలి కదా?

"లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్స్ వాపసు" అని అగ్రిమెంట్‌లో ఉంటే ఇవ్వాలి. లేకపోతే డబ్బు సర్దుకోవడం కొనేవాళ్ల బాధ్యతే. మీ జీతం చాలకో, సిబిల్ స్కోరు బాగోకో లోన్ ఆగితే అమ్మేవాళ్లకు దాంతో పనిలేదు.

కానీ బ్యాంకు ఎందుకు కాదన్నదో రాతపూర్వకంగా తీసుకోండి. లింకు డాక్యుమెంటు (పాత యజమానుల నుంచి వచ్చిన పత్రం) లేదనో, ప్లాన్‌కు అనుమతి లేదనో, ఆస్తి మీద పాత తనఖా ఉందనో కారణం చూపిస్తే తప్పు అటువైపు తిరుగుతుంది. బ్యాంకు ప్యానెల్ లాయర్ ఇచ్చే లీగల్ ఒపీనియన్ కాపీ అడిగి తీసుకోవడం చాలామంది మరిచిపోతారు. మీ 10 లక్షలను కాపాడే కాగితం అదే కావచ్చు.

ఆస్తిలో లిటిగేషన్ ఉందని ఇప్పుడు తెలిసింది. తప్పుకుంటే నేనే మాట తప్పినట్టా?

కాదు. తనకు తెలిసిన, కొనేవాళ్లకు మామూలు జాగ్రత్తతో కనపడని లోపాలను అమ్మేవాళ్లు ముందే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. సరైన కారణంతో మీరు వద్దంటే ఇచ్చిన డబ్బు, బయానాతో సహా, తిరిగి అడగొచ్చు. ఆ డబ్బుకు ఆ ఆస్తి మీదే మీకు హక్కు ఉంటుంది. అడగడం మాత్రం నోటితో కాకుండా, లోపం ఏమిటో రాసి స్పీడ్ పోస్టులో పంపండి. కారణం చెప్పకుండా ఆరు నెలలు ఊరుకుని, నోటీసు వచ్చాక లిటిగేషన్ గుర్తు చేసుకుంటే నమ్మడం కష్టం.

అగ్రిమెంట్ చేసిన మా నాన్నగారు చనిపోయారు. మేము కొనాల్సిందేనా?

ఒప్పందంలో వేరేగా రాసి లేకపోతే అది వారసులకూ వర్తిస్తుంది. కొనే హక్కూ మీదే, కొనలేకపోతే వచ్చే చిక్కూ మీదే. అయితే ఆ బాధ్యత ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే. మీ సొంత సంపాదన మీదికి రాదు. ఇలాంటి సందర్భాల్లో ఎదుటివాళ్లు మెత్తబడతారు, కూర్చుని మాట్లాడుకుని రద్దు పత్రం రాసుకోవడమే తేలిక.

## గడువు దాటాక, అమ్మేవాళ్ల వైపు నుంచి

కొంటానన్నాయన ఫోన్ ఎత్తడం లేదు. నేను ముందు ఏం చేయాలి?

మీరు సిద్ధంగా ఉన్నట్టు ఆధారం తయారు చేసుకోండి. రిజిస్ట్రేషన్ స్లాట్ బుక్ చేసి, తేదీ, టైమ్ ఆయనకు మెసేజ్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఆ రోజు ఒరిజినల్ డాక్యుమెంట్లు, ఆధార్, పాన్, ఇద్దరు సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. ఆఫీసు మూసే వరకు ఉండి, ఆయన రాలేదని ఆ రోజే ఆయన నంబరుకు ఒక మెసేజ్ పెట్టండి. విసుగొచ్చే పనే, కానీ మూడేళ్ల తర్వాత "నేను డబ్బుతో రెడీగా ఉన్నా, వాళ్లే రాలేదు" అని ఆయన అన్నప్పుడు మీ చేతిలో ఉండేది అదే.

తర్వాత లాయర్ ద్వారా నోటీసు: ఫలానా తేదీలోగా బాకీ చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, లేకపోతే ఒప్పందం రద్దు చేసి బయానా ఉంచుకుంటాం అని. గడువు సహేతుకంగా ఉండాలి. మూడు రోజులిస్తే కోర్టు నవ్వుతుంది. ఆ గడువూ దాటాక రద్దు చేశామని ఇంకో నోటీసు పంపాలి. మొదటి నోటీసుతో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. రద్దు నోటీసు అందాక కూడా ఆస్తి కావాలని దావా వేసేవాళ్లు ఆ రద్దు చెల్లదని ప్రకటించమని కూడా కోరాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో నోటీసు విలువ అంత.

వేరే పార్టీ దొరికింది. వాళ్లకి అమ్మేయొచ్చా?

సరిగ్గా రద్దు చేశాక అమ్మొచ్చు. రద్దు చేయకుండా అమ్మితే మీరే మాట తప్పినవాళ్లవుతారు. పాత ఒప్పందం సంగతి తెలిసి కొన్న కొత్తవాళ్ల మీద కూడా మొదటి ఆయన దావా వేయగలడు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు దాని ఫలితానికి కట్టుబడాల్సిందే.

మా అగ్రిమెంట్ రిజిస్టర్ అయింది. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడుతోంది. కొత్తవాళ్లు భయపడుతున్నారు, ఎలా తీసేయాలి?

మొదట కొంటానన్నాయనతో కలిసి రద్దు పత్రం రిజిస్టర్ చేయించాలి. ఒక్కరే వెళ్లి చేస్తామంటే సబ్ రిజిస్ట్రార్ ఒప్పుకోకపోవచ్చు. మిగతా డబ్బు కట్టని మనిషి సంతకం మీద మీ ఆస్తి ఆగిపోవడం అన్యాయంగానే అనిపిస్తుంది. అందుకే చాలా గొడవలు బేరంతో ముగుస్తాయి: 10 లక్షల బయానాలో 6 తిరిగిస్తారు, ఆయన వచ్చి రద్దు పత్రం మీద వేలిముద్ర వేస్తాడు. చట్టప్రకారం మొత్తం ఉంచుకునే హక్కు ఉన్నా ఇది నష్టబేరం కాదు, కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది. డబ్బు మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఎదుట, రద్దు పత్రంలో చెక్కు నంబరు రాసి ఇవ్వండి, ముందు కాదు. ఆయన కదలకపోతే ఒప్పందం రద్దయినట్టు ప్రకటించమని సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ధర పడిపోయింది. 60 లక్షలకు ఒప్పుకున్న ఇల్లు 52కే పోయింది. ఆ 8 లక్షలు రాబట్టొచ్చా?

కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ కింద అడగొచ్చు. ఒప్పందం విరిగిన రోజున మార్కెట్ ధర ఎంతో చూపించాలి. రెండేళ్లు ఊరికే ఉంచి ఇంకా పడిపోయాక అమ్మి, ఆ తేడా అంతా ఆయన మీద వేస్తామంటే కుదరదు, నష్టం తగ్గించుకునే ప్రయత్నం మీరూ చేసి ఉండాలి. ఉంచుకున్న బయానా ఇందులోంచి తీసేస్తారు. "ఒప్పందం చెడితే ఇంత" అని కాగితంలో అంకె ఉంటే అంతకు మించి రాదు.

కొనేవాణ్ణి బలవంతంగా కొనిపించవచ్చా?

చట్టంలో దారి ఉంది. ఒప్పందాన్ని అమలు చేయించమని అమ్మేవాళ్లు కూడా దావా వేయొచ్చు. 2018 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత ఇది కోర్టు దయ మీద ఆధారపడిన ఉపశమనం కాదు. కానీ డబ్బులేని మనిషి మీద డిక్రీ తెచ్చుకుని ఏం చేస్తారు? అమ్మకపు ధర మొత్తం మీద కోర్టు ఫీజు కూడా కట్టాలి. కొనేవాళ్ల దగ్గర డబ్బుండి మొండికేస్తున్నప్పుడే ఇది ఆలోచించదగ్గది.

## కోర్టు, పోలీసు

రద్దు నోటీసు వచ్చింది కానీ నేను ఇప్పటికీ కొనాలనుకుంటున్నా. ఏం చూపించాలి?

ఒప్పందమైన రోజు నుంచీ డబ్బుతో, మనసుతో సిద్ధంగా ఉన్నానని చూపించాలి. మనసు సంగతి మీ ఉత్తరాలు చెబుతాయి, డబ్బు సంగతి బ్యాంకు స్టేట్‌మెంటు చెబుతుంది. నోట్ల కట్టలు చూపించనక్కర్లేదు, లోన్ మంజూరు పత్రం, డిపాజిట్లు, అమ్మదలచిన వేరే ఆస్తి వివరాలు కూడా పనికొస్తాయి. ఖాతాలో 40,000 పెట్టుకుని 50 లక్షలకు సిద్ధమన్నవాళ్ల దావాలు నిలబడవు. దావా మూడేళ్లలో వేయాలి. కాగితంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే ఇవ్వనన్న సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క.

ఇంకో మాట. "రిజిస్ట్రేషన్ చేయించండి, కుదరకపోతే డబ్బు వాపసు ఇప్పించండి" అని రెండూ దావాలోనే అడగాలి. అడగని వాపసును కోర్టు తనంతట తాను ఇవ్వదని 2022లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. మరిచిపోతే దావా సవరణకు అనుమతి కోరొచ్చు.

డబ్బు కట్టకపోతే చీటింగ్ కేసు పెడతామని బెదిరిస్తున్నారు. అరెస్టు చేస్తారా?

మాట నిలబెట్టుకోలేకపోవడం ఒక్కటే నేరం కాదు. మోసం చేయాలనే ఉద్దేశం మొదటి రోజు నుంచే ఉందని చూపిస్తేనే చీటింగ్ అవుతుంది. బాకీకి ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే సంగతి వేరు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇస్తారు, అది అందాక మీకు 15 రోజులుంటాయి, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేస్తారు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా. అందుకే నమ్మకానికని ఖాళీ చెక్కులు ఇవ్వకండి.

## బిల్డర్ దగ్గర, వేలంలో కొన్నప్పుడు

అపార్ట్‌మెంట్ బుక్ చేసి వాయిదాలు కట్టలేకపోయాను. బిల్డర్ ఎంత పట్టుకోవచ్చు?

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోని ప్రాజెక్టయితే, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వాయిదా ఆలస్యమైతే వడ్డీ మీరు కట్టాలి, బిల్డర్ ఆలస్యం చేస్తే ఆయనా అదే రేటున కట్టాలి. అగ్రిమెంట్‌లోని షరతుల ప్రకారమే కేటాయింపు రద్దు చేయాలి, ఏకపక్షంగా చేస్తే రెరా అథారిటీకి ఫిర్యాదు చేయొచ్చు. బయానా 20 శాతమని బిల్డర్ రాయించుకున్న ఒక కేసులో 10 శాతం మినహాయించి మిగతాది తిరిగివ్వాలన్న వినియోగదారుల కమిషన్ నిర్ణయాన్ని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. బిల్డర్ చెప్పే అంకెకు తలూపే ముందు ఇది గుర్తు చేయండి.

బ్యాంకు వేలంలో ఇల్లు పాడాను. మిగతా డబ్బు కట్టలేకపోతే?

ఇక్కడ కనికరం ఉండదు. 25 శాతం అదే రోజు, మరీ ఆలస్యమైతే మరుసటి పనిదినంలోగా కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15వ రోజులోగా, బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా మూడు నెలల్లో. లేకపోతే కట్టిన 25 శాతమూ పోతుంది. బ్యాంకుకు నష్టం లేదు కదా అన్న వాదన కూడా పనికిరాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. లోన్ ఖాయమయ్యాకే చెయ్యెత్తండి.

## రిజిస్ట్రేషన్ అయిపోయాక

సేల్ డీడ్ చేసిచ్చాను, 15 లక్షల చెక్కు బౌన్స్ అయింది. రిజిస్ట్రేషన్ రద్దు చేయించొచ్చా?

చాలా కష్టం. ధరలో కొంత రాకపోవడం రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌ను రద్దు చేయడానికి కారణం కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరొక్కరే వెళ్లి రద్దు పత్రం రాయిస్తే అది చెల్లదని 2010లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే తేలింది. మిగిలింది డబ్బు కోసం దావా, చెక్ బౌన్స్ కేసు. రాని డబ్బుకు ఆ ఆస్తి మీద మీకు హక్కు ఉంటుంది, కాబట్టి దావాలో దాన్ని తప్పక అడగండి. చెక్కు క్లియర్ కాకముందే సంతకం పెట్టవద్దని బంధువులెవరో చెప్పే ఉంటారు.

జప్తు చేసుకున్న బయానాకు పన్ను కట్టాలా?

కట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అలా ఉంచుకున్న సొమ్ము ఆ ఏడాది "ఇతర ఆదాయం" కింద మీ స్లాబ్ రేటుకు వస్తుంది. మూలధన లాభం కింద చూపించే వీల్లేదు. 10 లక్షలు ఉంచుకుంటే రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్‌కు రద్దు నోటీసు కాపీ కూడా ఇవ్వండి, ఏ సంవత్సరంలో చూపించాలో ఆ తేదీని బట్టే తేలుస్తారు.